రూల్స్ సార్ నోరు మూసుకున్న రోజు

చిక్కడపల్లిలో మేం రోజూ నడిచే గల్లీ మొదట్లో, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కోటు తొడుక్కుని ఉన్నాడు. బతికినన్నాళ్ళూ ఆయన కోటు తొడిగింది లేదు. ఫ్లెక్సీ కొట్టినవాడు ఎవరివో భుజాలు తెచ్చి ఈయన తలకాయ అంటించాడు. మెడ కొంచెం పక్కకు జరిగింది కూడా. పైన శ్రద్ధాంజలి, కింద పెద్దకర్మ రోజు, అటొకటి ఇటొకటి తెల్ల పావురాలు, పేరు కింద 'సాఫ్ట్‌బాల్ అంపైర్' అన్న ముక్క. ఈయనే గనక అక్కడ ఉంటే స్తంభాలకు ఫ్లెక్సీలు కట్టకూడదన్న రూలు చెప్పి, కట్టినవాళ్ళ చేతనే విప్పించేవాడు. తన శ్రద్ధాంజలే కదా అని కూడా చూసేవాడు కాదు.

నా పక్కన మా హాస్టల్లో కొత్తగా చేరిన పిల్ల ఉంది. ఇద్దరం లైబ్రరీకి పోతున్నాం. కొత్త రాష్ట్రం వచ్చింది, ఉద్యోగాల నోటిఫికేషన్లు ఇవాళో రేపో అని అశోక్‌నగర్ అంతా పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న రోజులవి. ఆ పిల్ల ఫ్లెక్సీ చదివి, "ఈయనేనా అక్కా, నిన్ను తొండి చేసి అవుట్ ఇచ్చిన అంపైర్?" అని అడిగింది.

"ఆఁ" అన్నాను. రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు నా జవాబు అదే. మా హాస్టల్లో కొత్తవాళ్ళకు ముందు మెస్ టైం చెబుతారు, తర్వాత ఈ అక్కకు ఒక అంపైర్ చేసిన అన్యాయం చెబుతారు. చెప్పీ చెప్పీ అది నాకూ నిజంలాగే అలవాటయింది. కానీ ఆ వంకర మెడ ముందు నిలబడి 'ఆఁ' అనేసరికి బాగుండలేదు. లైబ్రరీలో పుస్తకం తెరిచాను గానీ ఒక్క పేజీ ఎక్కలేదు.

ఆయన పేరు రాయను. మేమెవరమూ పేరుతో పిలవలేదు కూడా. ఎదురుగా సార్, వెనక రూల్స్ సార్. అరవైకి దగ్గర మనిషి, తెల్ల పొట్టిచేతుల చొక్కా, నల్ల ప్యాంటు, నెత్తిన ఒక టోపీ. ఆ టోపీ రంగు మీద మాకు ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదు. కుడి చేతి గుప్పిట్లో ఒక చిన్న మీట ఉండేది, బాల్స్, స్ట్రైకులు లెక్కపెట్టేది. మ్యాచ్ లేని రోజు కూడా అది చేతిలోనే. కూరగాయల బండి దగ్గర నిలబడి టమాటాలు ఏరుతూ టిక్కు టిక్కుమనిపించేవాడు. ఏం లెక్కపెడుతున్నాడో కూరగాయలామెకు తెలియదు, భయపడి ఇంకో రెండు టమాటాలు వేసేది.

ఆయన జబ్బు ఒక్కటే. ఎవరైనా ఒక రూలు తప్పు చెబితే ఊరుకోలేడు. చెప్పకపోయినా ఊరుకోలేడు. బస్సులో కండక్టరుకు లగేజీ రూలు చెప్పేవాడు. పెళ్ళిలో పంతులుకు ముహూర్తం ఇంకా నాలుగు నిమిషాలుందని చెప్పేవాడు. గల్లీలో క్రికెట్ ఆడే పిల్లలు ఈయన వస్తుంటే వికెట్లు పీక్కుని పోయేవాళ్ళు, ఎల్‌బీడబ్ల్యూ మొదలు పెడతాడని. ఒకసారి శవయాత్రకు ఎదురుపోయి ఇది వన్‌వే అని చెప్పాడట. నేను చూడలేదు గానీ నమ్ముతాను.

నారాయణగూడ గ్రౌండుకు మేం ఆటమీద ప్రేమతో పోలేదు. అది ముందే చెప్పాలి. రెండువేల పదకొండు, ఉద్యమం జోరుమీదున్న రోజులు. మా పరీక్షలు వాయిదా పడటానికే పుట్టినట్టుండేవి. ఆ ఖాళీలో ఎవరో స్పోర్ట్స్ కోటా సంగతి చెప్పారు. ఆడేవాళ్ళు తక్కువున్న ఆట పట్టుకుని, రాష్ట్ర పోటీల దాకా పోయి, ఆ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఉద్యోగానికి అదొక దారి అన్నారు. అంతే, అశోక్‌నగర్ హాస్టళ్ళ నుంచి పన్నెండు మంది ఆడపిల్లలం బ్యాట్లు పట్టుకున్నాం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన నేను అప్పటిదాకా సాఫ్ట్‌బాల్ అంటే మెత్తటి బంతి అనుకున్నాను. మొదటి రోజే మోచేతికి తగిలి ఆ అభిప్రాయం మార్చుకున్నాను. మాకు నేర్పే పీఈటీ సార్ అసలు కబడ్డీ మనిషి. ఆయన మమ్మల్ని ఉరికించేవాడు, ఎటు ఉరకాలో చెప్పేవాడు కాదు.

ఆ ఖాళీలోకి రూల్స్ సార్ దూరాడు. పొద్దున ఆరింటికి చిక్కడపల్లి నుంచి నడుచుకుంటూ వచ్చేవాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. మేం వరసగా నిలబడగానే రోజూ అదే ప్రశ్నతో మొదలు.

"మూడు స్ట్రైకులకు అవుట్ అని ఎవడు చెప్పిండు మీకు?"

"అందరు చెప్తరు సార్" అనేది మా పిచ్చర్, జట్టులో బంతి విసిరేది. మహబూబ్‌నగర్ పిల్ల, మా అందరికంటే పెద్దది, నోరు కూడా అందరికంటే పెద్దదే.

"అందరు చెప్తె రూలయితదా? ఇనుండ్రి. బ్యాట్ ఊపి తాకకపోతె స్ట్రైక్. మోకాలికి, చంకకు నడుమ నుంచి బంతి సక్కగ వస్తుంటె చూస్కుంట నిలవడితె స్ట్రైక్. కొడితె పక్కకు పోయి ఫౌలయిందనుకో, అదీ స్ట్రైకే. కని రెండు స్ట్రైకులు అయినంక ఫౌల్ కొడితె లెక్కల పట్టరు. పది కొట్టు, ఇరవై కొట్టు, నువ్వు బతికే ఉంటవు. బ్యాట్ ఊపకుంట ఊకె అడ్డం వెట్టి, గదే బంట్, ఫౌల్ చేస్తె మాత్రం ఖతం. సమజైందా?"

"అయింది సార్."

"కాలె. ఇగ అసలైంది ఇప్పుడు చెప్త."

అసలైంది మొదలయ్యేసరికి మేం నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉండేవాళ్ళం. ఆయన చెబుతూనే ఉండేవాడు. గాలికి చెప్పేవాడు, నెట్‌కు చెప్పేవాడు, గ్రౌండులో నడవడానికి వచ్చిన ముసలివాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళు చెవిలోంచి వినికిడి మిషన్ తీసి జేబులో వేసుకునేవాళ్ళు. ఒకరోజు పీఈటీ సార్ విసిగిపోయి, "మీరు జర ఊకుంటె పిల్లలు ప్రాక్టీస్ చేస్కుంటరు" అన్నాడు. దానికీ జవాబుంది ఆయన దగ్గర. "మ్యాచ్‌ల నేను అంపైర్‌ను. గప్పుడు నన్ను ఒక్క మాట అడిగినా చెప్ప. చెప్పొద్దు, అది రూలు. అందుకే ఇప్పుడు చెప్తున్న" అన్నాడు. మేం నవ్వుకున్నాం. ఈయన నోరు మూసుకునే మ్యాచ్ ఏదో చూడాలన్నాం.

చూశాం. రెండువేల పన్నెండులో. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు పోతుంది, ఓడింది ఇంటికి పోతుంది. మాకు ఎదురు సికింద్రాబాద్ వైపు జట్టు. వాళ్ళూ మాలాగే కోటా మేళమే, వాళ్ళ గుంపులో ఇద్దరి దగ్గర గ్లవ్స్‌తో పాటు జనరల్ నాలెడ్జ్ పుస్తకం కూడా ఉంది. ఆ రోజు బంద్. బస్సుల్లేక రెండో అంపైర్ రాలేదు. వాళ్ళ కోచ్ రాలేదు. మా పీఈటీ సార్ వచ్చాడు గానీ ఏదో గొడవయిందని ఎవరో పిలిస్తే గేటు దగ్గరకు పోయాడు. రూల్స్ సార్ మాత్రం అంపైర్లు మొహానికి తొడిగే జాలీ మాస్కు చంకన పెట్టుకుని ఠంచనుగా నడుచుకుంటూ వచ్చాడు. గ్రౌండు మొత్తానికి ఆట తెలిసినవాడు ఆయనొక్కడే.

చివరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు వెనక. ఇద్దరు అవుటయ్యారు. రెండో బేస్‌లో ఒకరు, మూడో బేస్‌లో మా పిచ్చర్. ఆ ఇద్దరూ నేను నిలబడ్డ హోమ్ ప్లేట్ దాకా, ఆట భాషలో ఇంటికి, ఉరికొస్తే రెండు పరుగులు, మేం గెలుస్తాం. బ్యాట్ నా చేతిలో ఉంది. మా పిచ్చర్‌కు వయసు దాటిపోతోంది, ఆ ఏడు సర్టిఫికెట్ రాకపోతే ఇక ఆమెకు కోటా లేదు, ఊరికి పోవడమే. బేస్ మీద నిలబడి నా వైపు చూసిన ఆమె మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మొదటిది ఊపాను, తగల్లేదు. రెండోది ఫౌల్. తర్వాత మరో నాలుగు ఫౌల్ కొట్టాను, ఆయన చెప్పినదాంట్లో నేను విన్న ముక్క అదొక్కటే. ఆ తర్వాత బంతి కిందికి వచ్చింది. మోకాలి కిందనుంచి పోతుందనుకుని వదిలేశాను.

"స్ట్రైక్ త్రీ" అన్నాడు వెనక నుంచి.

బంతి నా వెనక కూర్చున్న వాళ్ళ క్యాచర్ గ్లవ్ కింద నుంచి జారి, దొర్లుకుంటూ పోయి వెనక నెట్ దగ్గర ఆగింది. ఎవరు చూశారు దాన్ని? ఆ జట్టు అరుపులు, కేకలు. క్యాచర్ గ్లవ్ విసిరేసి ఉరికి పోయి వాళ్ళ పిచ్చర్ మెడకు వేలాడింది. నేను వెనక్కి తిరిగి ఆయన మీద పడ్డాను.

"సార్, గది మోకాలు కింద వోయింది."

పలకలేదు. మాస్కు తీసి పట్టుకున్నాడు. చూపు ఎక్కడో పెట్టాడు, నా మీద కాదు.

"మీకు దండం వెడత సార్, మళ్ళొకసారి సోచాయించుండ్రి. గా పిల్ల జిందగీ సార్."

పెదవులు కదిలాయి, మళ్ళీ అతుక్కున్నాయి. నుదుటి మీద చెమట కారి కనుబొమ్మల్లోకి దిగుతోంది, తుడుచుకోలేదు. స్తంభంలా నిలబడ్డాడు. రోజూ అడక్కుండా గంటసేపు చెప్పే మనిషి, అడుగుతుంటే చెప్పడం లేదని నాకు ఇంకా మండింది. "పొద్దున లేస్తె లౌడ్‌స్పీకర్ లెక్క ఒర్రుతవు గద, ఇప్పుడేమైంది, నాలిక పడిపోయిందా?" అన్నాను. పెద్ద మనిషిని నువ్వు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి రాయను. మా వాళ్ళిద్దరూ బేస్‌ల మీద నడుముకు చేతులు పెట్టుకుని చూస్తున్నారు. చివరికి బ్యాట్ విసిరికొట్టి మా బెంచీ వైపు నడిచాను. నేను బెంచీ గీత దాటి కూర్చున్నాక, నిమ్మళంగా, దాదాపు తనలో తనే చెప్పుకున్నట్టు, "బ్యాటర్ అవుట్" అన్నాడు.

"అవుటని ఇప్పుడు సమజయిందా ఈయనకు?" అంది బెంచీ మీద నా పక్కనున్న మా జట్టు పిల్ల.

ఆ వారమంతా హాస్టల్లో చదువు లేదు, కోర్టే. ఆయన మీద సాఫ్ట్‌బాల్ సంఘానికి కంప్లయింట్ పెట్టాలని తీర్మానం. డ్రాఫ్టింగ్ పని నాది, ఎందుకంటే ఏ చట్టంలో ఏ సెక్షనో నాకు కంఠతా వచ్చని పేరు. సెక్షన్ నంబరు లేకుండా కంప్లయింట్ రాస్తే పరువు పోతుందని అశోక్‌నగర్ నెట్ సెంటర్‌కు పోయి, సాఫ్ట్‌బాల్ రూల్స్ పుస్తకం తీయించి, స్ట్రైక్ ఉన్న పేజీలన్నీ ప్రింట్ తీసుకున్నాను. అక్కడే స్టూలు మీద కూర్చుని అండర్‌లైన్ చేస్తూ చదివాను.

మూడో స్ట్రైక్ పడగానే బ్యాటర్ అవుట్ కాదు. క్యాచర్ ఆ బంతిని నేలకు తగలకుండా పట్టుకుంటేనే అవుట్. ఇద్దరు అవుటయిన తర్వాత క్యాచర్ బంతి వదిలేస్తే, బ్యాటర్ మొదటి బేస్‌కు ఉరకవచ్చు. బంతిని ఆమెకు తాకిస్తే గానీ, ఆమె కంటే ముందు బేస్‌కు చేరిస్తే గానీ ఆమె అవుట్ కాదు. లేదా ఆమె తనంతట తాను పోయి తన బెంచీలో కూర్చోవాలి. అప్పుడు అవుట్.

రోజూ పొద్దున నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి మేం వినని 'అసలైంది' ఇదే.

బంతి నెట్ కింద పడి ఉంది. అవతలి జట్టుకు కూడా రూలు తెలియక పండగ చేసుకుంటున్నారు. నేను మొదటి బేస్‌కు నడుచుకుంటూ పోయినా చాలు. మా వాళ్ళిద్దరూ చెప్పులేసుకుని, మాట్లాడుకుంటూ ఇంటికి రావచ్చు. గెలిచేవాళ్ళం. నేను మాత్రం అక్కడే నిలబడి మోకాలు గురించి వకాల్తా చేశాను. ఈ దేశంలో అంపైర్‌తో కొట్లాడమంటే అందరికీ వచ్చు, ఉరకమంటే ఎవరికి గుర్తొస్తుంది. ఆయన 'స్ట్రైక్ త్రీ' అన్నాడు గానీ 'అవుట్' అనలేదు. అనకుండా ఆగాడు. నేను తిట్టినంతసేపూ, బెంచీ దాకా నడిచినంతసేపూ ఆగాడు. ఉరుకు అని ఒక్క మాట అంటే రూలు తప్పినట్టు. ఆ మాటను పళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు.

కంప్లయింట్ చింపేశాను. చింపి, ఎవరికీ చెప్పలేదు. పదకొండు మంది బతుకులు నా మొద్దుబుర్ర వల్ల పోయాయని ఎట్లా చెప్పను? "పెద్దమనిషి గద, వదిలేద్దాం" అన్నాను. నా దొడ్డ మనసుకు హాస్టల్ అంతా మురిసిపోయింది.

పది రోజుల తర్వాత మా పిచ్చర్ ఊరికి పోయింది. బస్సు ఎక్కే ముందు చిక్కడపల్లిలో ఇడ్లీ బండి దగ్గర ఆగాం, ఆమె బ్యాగు నా కాళ్ళ దగ్గర ఉంది. అవతల ప్లేటు పట్టుకుని రూల్స్ సార్, చట్నీ పలచనయిందని బండాయనకు ఏదో చెబుతున్నాడు. ఆమె నేరుగా పోయి ఆయన ముందు నిలబడింది.

"సార్, ఊరికి వోతున్న. ఒక్కటి చెప్పుండ్రి. గా రోజు అది నిజంగ స్ట్రైకేనా? దీన్ని ఉత్తగనే అవుట్ ఇచ్చిండ్రా?"

బండి దగ్గర ఆరేడుగురు తినడం ఆపారు. ఇప్పుడు మ్యాచ్ లేదు, మాట్లాడొద్దన్న రూలు లేదు. ఆయన నోరు తెరిచాడు. తప్పు రూలు చెవిన పడితే నిద్రపట్టని మనిషి, తన మీదే తప్పు మాట పడితే ఎట్లా ఊరుకుంటాడు? ఆయన నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను. నాకు తెలిసిపోయిందన్న సంగతి ఆయనకు ఆ చూపులోనే తెలిసిపోయింది. మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.

"నాకు సరిగ కనవడలె బిడ్డా. కండ్లు ఖరాబైనయి. తప్పు నాదే" అన్నాడు.

ఒక అంపైర్ నలుగురిలో అనకూడని మాట ఏదైనా ఉంటే అది అదే. రెండు రోజుల్లో గాంధీనగర్ దాకా పాకింది. ఆ తర్వాత ఆయన్ని ఏ మ్యాచ్‌కూ పిలవలేదు. పొద్దున గ్రౌండుకు రావడం మానేశాడు, చేతిలో మీట కూడా కనబడటం మానేసింది. ఒకసారి లైబ్రరీ మెట్ల దగ్గర ఒంటరిగా కనిపిస్తే ధైర్యం చేసి, "సార్, గా రోజు..." అన్నాను. "నోటిఫికేషన్ ఎప్పుడంట?" అని అడ్డుపడి, వయోపరిమితి సడలింపు మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. నేను బుద్ధిగా విన్నాను. మాట దాటిపోయినందుకు హాయిగా అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా హాయిగా అనిపించింది.

ఫ్లెక్సీలో చూసిన రోజుకు పెద్దకర్మకు పోయాను. మా హాస్టల్ పిల్లను కూడా తీసుకుపోయాను. ఇంట్లో జనం నిండుగా ఉన్నారు, భోజనాలు నడుస్తున్నాయి. ఆయన భార్య గోడకానుకుని కూర్చుని ఉంది. ఎవరని అడిగితే గ్రౌండులో ఆడేవాళ్ళమని చెప్పాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా మొగుడు గ్రౌండ్‌ల ఎవరికో తప్పు అవుట్ ఇచ్చిండంట గద బిడ్డా. కండ్లు కనవడలేదని అందరి ముందు చెప్పిండంట. నేను ఆగమాగమై నారాయణగూడల కండ్ల డాక్టర్ దగ్గరికి గుంజుకపోయిన. డాక్టరేమో నాకంటె మంచిగున్నయన్నడు. మంచిగున్న కండ్లు వెట్టుకొని ఎందుకు గట్లన్నవయ్యా అంటె మాట్లాడడు. అన్ని ముచ్చట్లు చెప్పెటోడు, గిదొక్కటి చెప్పకుంటనే పాయె. నీకేమన్న తెలుసా?"

చెప్పాను. హాస్టల్ పిల్ల వింటుండగా, వడ్డించేవాళ్ళు వింటుండగా మొదటి నుంచి చెప్పాను. స్ట్రైక్ అంటే ఏమిటి, ఫౌల్ అంటే ఏమిటి, మూడో స్ట్రైక్‌కు బంతి జారితే ఏమవుతుంది, నేను ఎక్కడ నిలబడ్డాను, ఆయన ఎక్కడ నిలబడ్డాడు. ఆమె మధ్యలో ఆపి, "నువ్వు తిట్టినంతసేపు మాట్లాడలేదా?" అని అడిగింది. లేదన్నాను. "నా మొగుడా?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని, "గీ ముచ్చట ఆయనున్నప్పుడు నలుగురిల చెప్పకపోతివి బిడ్డా" అంది.

కోపంగా అనలేదు. రెండేళ్ళు ఆ ఇంటి ముందు నుంచే రోజూ లైబ్రరీకి నడిచాను. చాలాసార్లు ఆయన అరుగు మీద కూర్చుని పేపర్ చదువుతూ కనిపించేవాడు. చెప్పలేదు.